భూప్రదక్షిణము చేసిన చదువు

మా యిల్లు హైదరాబాదు నగరపు తూర్పుకొసను ఎల్బీ నగర్‌లో నున్నది. మా వీథి మొగను నిలిచి చూచినచో విజయవాడకు పోవు రహదారి కనబడును. రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట పెట్టెలతోను సంచులతోను అచ్చట బస్సులకై వేచియుండు విద్యార్థినీ విద్యార్థులను చూచినపుడెల్ల నాకొక సంగతి స్ఫురించుచుండును. ఈ రహదారి విజయవాడతో నాగునది కాదు. పుణె నగరమున మొదలై, షోలాపురము మీదుగా వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌ను, మా ఎల్బీ నగర్‌ను దాటి, సూర్యాపేట, విజయవాడల మీదుగా మచిలీబందరు చేరి సముద్రము చెంత ముగియు 65వ సంఖ్య జాతీయ రహదారి యిదియే. గోలకొండ సుల్తానుల కాలమున మన దేశపు వజ్రములును వస్త్రములును ఈ దిక్కుననే బందరు చేరి, అచ్చట నోడల కెక్కి పారశీకమునకును బర్మా తీరమునకును పోయెడివి. మాకు కొలది దూరమున నున్న హయత్‌నగర్ ఆ రాజవంశపు టాడపడుచగు హయాత్ బక్షీ బేగము పేర వెలసిన గ్రామము. కావున సముద్రము మాకు దూరపు చుట్టమే కాని పరాయిది కాదు.

ఈ మాట యిప్పుడేల యందురేమో! మా యింట జరిగిన యొక సంగతి నన్నీ యాలోచనలోనికి దింపినది.

మా తమ్ముని కుమార్తె ఇంటర్మీడియట్ ముగించి, మా యింటనే యుండి, దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రవేశపరీక్షలకు శిక్షణ పొందుచున్నది. ప్రతి యుదయమును ఎల్బీ నగర్‌లో మెట్రో రైలెక్కి, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి స్టేషనులు దాటి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగును. అచ్చటి సందులలోని హాస్టళ్లను మీలో చాలమంది యెఱిగియే యుందురు. నల్లగొండ, ఖమ్మము, మహబూబ్‌నగర్ ప్రాంతముల నుండి వచ్చిన ఆడపిల్లలు ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చొప్పున నుండి, బియ్యపు సంచివలె పుస్తకముల సంచిని మోసికొని పోవుచుందురు. వారి తల్లులలో నెందఱో ఆ వయస్సున పొరుగూరి తిరునాళ్లకైన ఒంటిగా పోయి యెఱుగరు. ఇంటినుండి దిల్‌సుఖ్‌నగర్ వఱకు వచ్చిన యా ప్రయాణమే ఆ పిల్లల తొలి సముద్రయానమని నాకు తోచుచుండును.

మా మేనకోడలు గడచిన సంక్రాంతికి ఇంటికి పోయి, తాను విశాఖపట్టణమున నౌకానిర్మాణ విద్య చదువుదుననియు, పిమ్మట నౌకాదళమున చేరి సముద్రముపై పోవుదుననియు తల్లితో చెప్పినదట. మా మరదలు మూడు దినములు సరిగా అన్నము తినలేదు. నాల్గవనాడు సూర్యాపేటలో బస్సెక్కి తిన్నగా మా యింటికి వచ్చెను.

“వదినా, దానికి మీరైనా చెప్పండి. ఆడపిల్ల నడిసముద్రంలో ఏం చేస్తుంది? అమెరికా పోతానన్నా పంపుతాను. విమానం ఎక్కితే మర్నాటికి దిగుతుంది. ఇది అట్లా కాదు గదా!” అని కన్నీరు పెట్టుకొనెను.

పిల్ల తల వంచుకొని, “అత్తయ్యా, ఐశ్వర్యగారిది మన హైదరాబాదే గదా!” అని మాత్రము పలికి ఊరకుండెను.

ఆ పేరు నేనును ఎఱుగుదును. 2018 లో పత్రికలలో చదివి, సంతోషించి, మన మనేక సంగతులను మఱచునట్లే మఱచితిని. ఆ రాత్రి నిదురపట్టక ఆ యాత్రను మొదటినుండియు జ్ఞప్తికి దెచ్చుకొంటిని. అప్పుడు నా కంటికి సాహసముగా కనబడినది ఇప్పుడు వేఱు విధముగా తోచినది.

2017 సెప్టెంబరు 10 వ తేదీన గోవాలో మన నౌకాదళమునకు చెందిన ‘తారిణి’ యను తెఱచాప పడవ రేవు విడిచెను. నాటి రక్షణమంత్రిణి శ్రీమతి నిర్మలా సీతారామన్ దానిని సాగనంపిరి. పడవ పొడవు 55 అడుగులు. అనగా మన ఆర్టీసీ బస్సు ఒకటిన్నర పాటి. అందున్నవారు ఆరుగురు స్త్రీలు. నాయకురాలు వర్తికా జోషి. తక్కినవారు ప్రతిభా జామ్వాల్, పాతర్లపల్లి స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య, విజయాదేవి, పాయల్ గుప్తా. 254 దినములలో భూగోళమును చుట్టి, 2018 మే 21 వ తేదీన వీరు మరల గోవా చేరిరి. భారతస్త్రీలు మాత్రమే నడిపిన పడవ భూప్రదక్షిణము చేయుట అదియే మొదటిసారి.

వారి యూళ్లను గమనింపుడు. వర్తిక ఋషీకేశము వారు; పాయల్ డెహ్రాడూను వారు; ప్రతిభ కులూ లోయ వారు; విజయాదేవి మణిపురము వారు; ఐశ్వర్య మన హైదరాబాదు వారు. ఆరుగురిలో సముద్రపు టొడ్డు ఊరి యామె విశాఖపట్టణపు స్వాతి యొక్కతెయే. ఉద్యోగములను జూచినను అంతే. వర్తికయు ఐశ్వర్యయు నౌకానిర్మాణ శాఖవారు. ప్రతిభయు స్వాతియు విమానముల రాకపోకలను నియంత్రించు పనివారు. విజయాదేవియు పాయలును విద్యాశాఖవారు. తెఱచాపను నమ్ముకొని మహాసముద్రములు దాటుట వీరిలో నెవ్వరికిని పుట్టుకతో వచ్చినది కాదు, ఉద్యోగముతో వచ్చినది కాదు. నేర్చుకొనిరి.

విద్యార్థులను ఓడ నెక్కించి లోకమును త్రిప్పవలెనను తలంపు క్రొత్తది గాదు. 1926 సెప్టెంబరులో అమెరికాలో న్యూయార్కు చెంతనుండి ‘రిన్‌డామ్’ అను నోడ సుమారు 500 మంది విద్యార్థులతో బయలుదేరి, భూగోళమును చుట్టి, 1927 లో తిరిగి చేరెను. వారిలో ఆడపిల్లలును కొందఱుండిరి. దానిని తేలియాడు విశ్వవిద్యాలయమని పిలిచిరి. ఓడలోనే తరగతులు, ఓడలోనే గ్రంథాలయము. రేవు వచ్చినప్పుడు దిగి దేశమును చూచుట. ఆ పద్ధతి నేటికిని అమెరికా విద్యార్థులలో నిలిచియున్నది. మన తెలుగు స్త్రీలలో పోతము జానకమ్మ రాఘవయ్యగారు 1873 లోనే చెన్నపట్టణము నుండి ఇంగ్లండునకు పోయి, చూచినది తెలుగున వ్రాసి, పిమ్మట 1876 లో ఇంగ్లీషున ప్రకటించిరి. సముద్రము దాటిన కులము చెడునని పెద్దలు భయపెట్టు దినములలో ఆమె చేసిన పని యది.

ఐనను భేదమొకటి కలదు. రిన్‌డామ్ విద్యార్థులు ఓడనెక్కి చదివిరి. జానకమ్మగారు ఓడనెక్కి లోకమును చూచిరి. ఓడ నడుపువారు వేఱు. తారిణి ఆడపడుచులు ఓడనే చదివిరి. ఆ యాత్ర వారికి పాఠశాల, పరీక్ష, ఉపాధ్యాయుడు గూడ.

ఆ చదువెట్టిదో కొంచెము చెప్పుదును. భూప్రదక్షిణ మనిపించుకొనుటకు నియమములున్నవి. బయలుదేరిన రేవునకే తిరిగి రావలెను. భూమధ్యరేఖను దాటవలెను. రేఖాంశములన్నిటిని దాటవలెను. కాలువలలో దూరి దగ్గరిదారి పట్టరాదు. మొత్తము దూరము 21,600 నాటికల్ మైళ్లకు తక్కువ కారాదు. ఈ యంకె యేల? వృత్తమునకు 360 డిగ్రీలు, డిగ్రీకి 60 కలలు, గుణించిన 21,600. భూగోళపు చుట్టుకొలతలో ఒక్కొక్క కలకు ఒక్కొక్క నాటికల్ మైలు. మైలుకు 1,852 మీటర్ల చొప్పున లెక్కించినచో సుమారు 40,000 కిలోమీటర్లు వచ్చును. మన పిల్లలు బడిలో వల్లించి మఱచు లెక్క యిది. ఆ ఆరుగురు దానిని అంగుళ మంగుళముగా నడచి చూచిరి.

వారు తూర్పుదిక్కుగా పోయిరి. దక్షిణార్ధగోళమున 40 డిగ్రీలు దాటిన పిమ్మట పడమటిగాలి యెడతెగక వీచుచుండును. దాని హోరును బట్టియే నావికులు ఆ ప్రాంతమునకు గర్జించు నలువదులని పేరిడిరి. ఆ గాలిని వెన్నున నుంచుకొనుటకే తూర్పు పయనము. తూర్పునకు పోవు కొలదిని సూర్యుడు ముందుగా ఉదయించును. 15 డిగ్రీలకొక గంట చొప్పున గడియారమును ముందునకు త్రిప్పవలెను. అట్లు త్రిప్పుచు పోయి, న్యూజీలాండు దాటిన తర్వాత దినరేఖ వచ్చినపుడు ఒక దినమును రెండుమాఱులు లెక్కింపవలసి వచ్చును. ఒకే తేదీని రెండుసార్లు బ్రతికిన ఆడువారు మన నగరమున నొకరున్నారు!

పండుగలను గూర్చి చెప్పనిచో మనవంటివారికి కథ పూర్తి కాదు. 2017 సెప్టెంబరు 25 వ తేదీన వారు భూమధ్యరేఖను దాటిరి. అవి బతుకమ్మ దినములు. ఇచ్చట మన ఆడువారు సరూర్‌నగర్ చెఱువు గట్టున తంగేడు పూలతో ఆడి పాడుచుండగా, అచ్చట వారు రెండవ గోళార్ధమున ప్రవేశించిరి. ఆ యేటి దీపావళి అక్టోబరు 19. వారు ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ చేరినది 23 వ తేదీన. సంక్రాంతినాడు వారు పసిఫిక్ మహాసముద్రపు దక్షిణభాగమున నుండిరి. మార్చి 18 న ఉగాది. వారప్పటికి నాలుగు దినముల క్రిందట దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విడిచి యుండిరి. పెద్దపండుగ లన్నియు నడిసముద్రముననే.

ఇంకొక చిత్రము వినుడు. భూమధ్యరేఖను దాటి దక్షిణమునకు పోయిన వారికి ధ్రువనక్షత్రము కానరాదు. 35 డిగ్రీలు దాటిన పిమ్మట, పెండ్లినాడు పురోహితుడు మనకు చూపించు అరుంధతియు కానరాదు. మనకు వేసవిలో దక్షిణపు దిగంతమున నేలకంటినట్లు కనబడు త్రిశంకువు అచ్చట నడినెత్తికి వచ్చును. పుట్టినింటి నక్షత్రములు మఱుగుపడిన చోట, క్రొత్త నక్షత్రములను నేర్చుకొని దారి తెలిసికొనవలెను. అత్తవారింటికి వెళ్లిన ప్రతి స్త్రీకిని ఇది కొంత అనుభవమే.

న్యూజీలాండులోని లిటిల్‌టన్ నుండి ఫాక్లండ్ దీవులలోని పోర్టు స్టాన్లీకి పోవు నడిమిభాగమే కఠినము. సుమారు 40 దినములు నేల కనబడదు. ఆ భాగమున 60 నాట్లకు, అనగా గంటకు 110 కిలోమీటర్లకు మించిన గాలియు, 7 మీటర్ల యెత్తు అలలును వచ్చినవి. మన వీథిలోని రెండంతస్తుల యిల్లు లేచి మీదికి వచ్చినట్లు ఊహించుకొనుడు. చలి యెముకలను కొఱుకును. వంతులవారిగా రాత్రింబవళ్లు చుక్కాని పట్టవలెను. 2018 జనవరి మూడవ వారమున వారు దక్షిణ అమెరికా కొసనున్న హార్న్ అగ్రమును చుట్టి, జాతీయపతాకమును చూపిరి. తుదకు హిందూమహాసముద్రమున చుక్కాని యంత్రము చెడగా, ముందు అనుకొనని మారిషస్ రేవున నాగి, బాగు చేసికొని ఇంటిముఖము పట్టిరి.

ఇదియంతయు చదివి మనము “ఎంత ధైర్యము!” అందుము. ఆ మాటతోనే మన పని తీఱిపోవును. ఎందుకనగా ధైర్యము దేవుడిచ్చినదనియు, అది మన పిల్లకు లేదనియు అనుకొని ఊఱట పొందవచ్చును. కాని ఆ 254 దినముల వెనుక మూడేండ్ల చదువున్నది. ఒంటిగా భూప్రదక్షిణము చేసిన మొదటి భారతీయుడు, 2009 ఆగస్టున బయలుదేరి 2010 మేలో తిరిగి వచ్చిన దిలీప్ దోందేగారు వీరికి గురువు. ఆయన తిరిగిన ‘మాదేయి’ పడవపైననే వీరు నేర్చిరి. 2016 లో దానిపై మారిషస్‌కు పోయి వచ్చిరి. గాలిని గుర్తించుట, తెఱచాప కుట్టుట, యంత్రము విప్పి బిగించుట, గాయమునకు కట్టు కట్టుట, వాతావరణపు పటము చదువుట, ఇవన్నియు పాఠములే. యాత్రలోను చదువు మానలేదు: దారిపొడుగున గాలి, అలలను గూర్చిన వివరములను సేకరించిరి, సముద్రమున కాలుష్యమును గమనించిరి, రేవులలో బడిపిల్లలతో ముచ్చటించిరి.

తెల్లవారి నేనీ సంగతులను మా మరదలికి చెప్పితిని. ఆమె అంతయు విని, “అన్నీ నేర్చుకున్నా ప్రమాదం రాదా వదినా?” అని యడిగెను. తల్లి యడుగదగిన ప్రశ్నయే. దాచుట తగదు గనుక నిజమే చెప్పితిని. ఎక్కడను ఆగక ఒంటిగా భూప్రదక్షిణము చేసిన మొదటి భారతీయుడు అభిలాష్ టామీ. అంతటివాని పడవయు 2018 సెప్టెంబరున హిందూమహాసముద్రమున తుపానులో దెబ్బతిన, ఆయన వెన్ను విఱిగి కదలలేకపోయెను. ఐనను సందేశము పంపగలిగెను; మూడు దినములకు ఒక ఫ్రెంచి నౌక వచ్చి కాపాడినది. 2023 లో ఆయన అదే పందెమున మరల పాల్గొని రెండవస్థానమున నిలిచిరి. చదువు ప్రమాదమును తుడిచివేయదు. ప్రమాదము వచ్చిననాడు చేతికి పని చెప్పును. ఇంతకు మించి నేనేమియు చెప్పలేనంటిని.

ఆమె మాఱు పలుకలేదు. ఆదివారమునాడు మేము మువ్వురమును హుసేన్‌సాగరపు గట్టునకు పోతిమి. అచ్చట బాలబాలికలు చిన్న తెఱచాప పడవలు నడుప నేర్చుచుండిరి. పండ్రెండేండ్ల బాలిక యొకతె పడవ నొక ప్రక్కకు ఒరిగించెను. పడవ తలక్రిందులై, పిల్ల నీట బడినది. మా మరదలు కెవ్వున కేకవేసి లేచినది. కొంచెము దూరమున మఱియొక పడవలో నున్న గురువు కదలక చూచుచుండెను. ఆ పిల్ల పడవచుట్టు ఈది, అడుగుపలకపై బరువు మోపి, పడవను నిలువబెట్టి, లోని కెక్కి, తెఱచాప లాగికొని సాగిపోయినది. ప్రక్కనున్న యొకామెను అడుగగా, పడవ నట్లు పడవేసి లేపుటయే ఆనాటి పాఠమనియు, అది నేర్వనిదే ముందుకు పోనీయరనియు చెప్పినది.

మా మరదలు చాలసేపు నీటివంక చూచి, కూతురివైపు తిరిగి, “నీకు ఈత వచ్చునా?” అని యడిగెను.

సముద్రముపై పోవుదునని మూడునెలలనుండి మమ్ముల నిదురపోనీయని పిల్ల, నేలచూపులు చూచుచు, “రాదమ్మా” అనెను.

నాకు నవ్వు వచ్చినది. మా మరదలికి రాలేదు. “అయితే ముందు ఈత నేర్చుకో. పరీక్ష రాయి. సీటు వస్తే అప్పుడు మీ నాయనతో నేనే మాట్లాడుతాను” అని చెప్పి లేచినది. ఆమె అడ్డు తొలగలేదు. కాని యిప్పుడది గోడ గాదు, మెట్టు.

సోదరీమణులారా! నేడు త్రోవలు కొన్ని తెఱచియున్నవి. భారత సముద్ర విశ్వవిద్యాలయపు విశాఖపట్టణ శాఖలో నౌకానిర్మాణ విద్య కలదు. జాతీయ రక్షణ విద్యాలయమున 2022 నుండి బాలికలను చేర్చుకొనుచున్నారు. 2025 మేలో మొదటి తరగతి 17 గురు బాలికలు శిక్షణ ముగించి వెలువడిరి. అదే తారిణిలో దిల్నా, రూపా అను నిరువురు నౌకాదళ యువతులు 2024 అక్టోబరు 2 న బయలుదేరి, భూప్రదక్షిణము చేసి, 2025 మేలో తిరిగి వచ్చిరి. ఆరుగురు చేసిన పనిని ఇద్దఱే చేసిరనగా చదువు ముందునకు సాగినదని యర్థము.

మీ యింటి పిల్ల యెన్నడైన ఇట్టి మాట యన్నచో, వెంటనే కాదనకుడు, వెంటనే ఔననకుడు. ధైర్యమున్నదా యని యడుగవలదు. పదునెనిమిదేండ్ల వయస్సున అది యందఱికిని ఉన్నట్లే తోచును. ఎవరు నేర్పుదురు? ఎన్నేండ్లు నేర్పుదురు? పడవ తలక్రిందులైనపుడు తానే లేపుకొనుట మొదట నేర్పుదురా? ఈ మూడు ప్రశ్నలు వేయుడు. ఓడకైనను, ఉద్యోగమునకైనను, పెండ్లికైనను ఇవి పనికివచ్చు ప్రశ్నలే.

మా మేనకోడలు ప్రస్తుతము ఉదయమున ఈతకొలనునకును, పిమ్మట దిల్‌సుఖ్‌నగర్‌కును పోవుచున్నది. తల తడియారకయే మెట్రో యెక్కుచున్నదని తల్లికి క్రొత్తబెంగ పట్టుకొన్నది. సూర్యాపేట నుండి ప్రతిరాత్రియు ఫోనులో అడుగుచున్నది, సముద్రమును గూర్చి గాదు, తల తుడుచుకొన్నదా లేదా యని.